పోయొస్తామని చెప్పిన చోటు

పెనుకొండ బస్టాండు ఎదుట ఒక టీ అంగడి ఉండేది. 2003 మే నెలలో ఒక గురువారం పొద్దున ఏడు గంటలకు అక్కడ కూర్చుని ఒక ఉత్తరాన్ని నాలుగోసారి చదువుకున్నాను. పక్క బల్ల మీద ఇద్దరు ఉగ్గాని తింటూ వాన గురించి మాట్లాడుకుంటున్నారు. వాన లేని ఆ మూడేళ్ళలో మావైపు మనుషులకు వేరే మాట లేదు.

ఉత్తరంలో రెండే వాక్యాలు. 'శాసనపు అచ్చు జతపరిచినచో తగు చర్య పరిశీలించబడును. అచ్చు లేని అర్జీలు స్వీకరించబడవు.' పన్నెండేళ్ళలో నేను రాసింది పదకొండు ఉత్తరాలు. మొదటిదానికి 'మీ ఉత్తరం అందినది' అని వచ్చింది. ఐదోదానికి 'ఏ ఉత్తరం?' అని వచ్చింది. ఆ పురావస్తు ఆఫీసు పేరు రాయను. రాసి ఇప్పుడు ఎవరిని ఉద్ధరించాలి?

నేను ధర్మవరంలో నేతగాళ్ళ ఇంట్లో పుట్టాను. మా నాయన జీవితమంతా మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని, నన్ను మాత్రం అనంతపురం కాలేజీకి పంపాడు. చరిత్రలో బి.ఎ., 1962. పెనుకొండలో ముప్పై ఏళ్ళు సోషల్ పాఠాలు చెప్పి, రిటైరై, హిందూపురంలో కాపురం పెట్టాను. పిల్లలకు అశోకుడి శాసనాలు చెప్పాను గాని, పది మైళ్ళ దూరంలో ఉన్న శాసనం నేనే చదవలేదు. ఆ వెలితి నాకు చిన్నది కాదు.

అది పెనుకొండకూ ధర్మవరానికీ మధ్య ఒక ఊరి చెరువులో ఉంది. ఆ ఊరివాళ్ళు ఇంకా ఉన్నారు కాబట్టి ఊరి పేరు వద్దు. చెరువును అందరూ పెద్దచెరువు అనే అంటారు. దాని నడుమ ఒక గడ్డ. చుట్టూ తిరిగితే మైలుంటుంది. నీళ్ళున్న రోజుల్లో పుట్టి మీద పోవాలి. 1991లో నేను అట్లాగే పోయి, గాలి తిరిగిందని పుట్టివాడు తొందరపెడితే పావుగంటలో వెనక్కి వచ్చేశాను. ఆ పావుగంటలో ఒక పాత మండపం, అందులో వరసగా చచ్చిన వీరుల గుర్తుగా నిలిపిన వీరగల్లులు, ఒకదాని మీద ఎనిమిది వరసల అక్షరాలు చూశాను. అప్పటి నుంచి ఈ ఉత్తరాలు.

ఇప్పుడు చెరువు ఎండిపోయి మూడో వేసవి. నడిగడ్డకు సైకిలు మీద పోవచ్చు. అదే వచ్చిన చిక్కు కూడా. కట్టకు రాతి కట్టడం వేయాలని, నడిగడ్డ రాళ్ళను పగలగొట్టడానికి మిషను తెచ్చి పెట్టారు. పని మొదలయ్యేది శుక్రవారం పొద్దున. ఆఫీసుకు ఫోను చేస్తే అక్కడి అధికారి, "అచ్చు తెండి మాస్టారూ. పది గంటలకు నా బల్ల మీద ఉంటే పదిన్నరకు పని ఆపిస్తా. వట్టి మాటలు మాత్రం తేవద్దు," అన్నాడు.

అంటే నాకు మిగిలింది ఆ ఒక్క గురువారం.

మా బామ్మర్ది సైకిలు తీసుకుని, క్యారియరుకు నీళ్ళ క్యానూ కాగితాల చుట్టా కట్టుకుని, ఎనిమిదిన్నరకు చెరువు కట్ట చేరాను. లింగప్ప తూము పక్కన నీడలో కూర్చుని ఉన్నాడు. ఆయన ఆ చెరువుకు నీరుగంటి. తూము తీయడం, మూయడం, ఎవరి మడికి ఎంతసేపు నీళ్ళు పారాలో చూడటం తాతల నాటి నుంచి వాళ్ళ ఇంటి పని. మూడేళ్ళుగా చుక్క నీరు లేకపోయినా రోజూ పొద్దున వచ్చి తూము దగ్గర కూర్చునేవాడు.

"ఏం సార్, మళ్ళా వస్తిరా? ఆ రాళ్ళకూ మీకూ ఏందో చుట్టరికం ఉండాది."

"చుట్టరికం కాదప్పా, చదువు."

"సదువుకున్నోళ్ళకు చుట్టాలంతా రాళ్ళేనా సార్?" అని నవ్వాడు.

అప్పుడే ఆయన భార్య సుంకమ్మ సంగటి మూట తెచ్చింది. సంగతి విని, "ఈయప్పకు ఇంట్లో చెంబు ఎత్తి పెట్టమంటే నడుము నొప్పి. రాళ్ళు చూడాలంటే ముందరుంటాడు," అని మూట చేతికిచ్చి పోయింది.

కట్ట దిగేటప్పుడు లింగప్ప ఒక మాట చెప్పాడు.

"సార్, ఆడికి పోయినాక వచ్చేటప్పుడు ఎవురికీ ఏం చెప్పగూడదు. లేసి, గమ్మున వచ్చేయల్ల."

"ఎందుకు?"

"చావింటికి పోతే చెప్పి వస్తామా సార్? అదీ అంతే. ఆడుండేటియన్నీ చచ్చినోళ్ళ రాళ్ళే గదా."

నాకు నవ్వొచ్చింది గాని ఆ పద్ధతి తెలియనిది కాదు. మన ఇళ్ళల్లో గడప దాటేవాడు 'పోతా' అనడు. 'పోయొస్తా' అంటాడు. పొరపాటున 'పోతా' అంటే మా అవ్వ చెంప మీద కొట్టేది. చావింట్లో మాత్రం అది తిరగబడుతుంది. అక్కడ 'పోయొస్తా' అనకూడదు. మళ్ళీ అలాంటి పని మీద రావాలని ఎవరు కోరుకుంటారు? పలకరించి, కూర్చుని, చెప్పకుండా లేచి వచ్చేస్తాం. మా ఇంటి పెద్దాయన ఒకరు పోయినప్పుడు కలెక్టరాఫీసు నుంచి వచ్చిన ఒక గుమాస్తా మర్యాదకొద్దీ 'వెళ్ళొస్తానండీ' అనేశాడు. ఆడవాళ్ళు అతన్ని తిట్టిన తిట్లు ఇప్పటికీ గుర్తే. సరే, దారి తప్పుతున్నాను.

చెరువు మట్టి పెంకులు పెంకులుగా పగిలి ఉంది. సైకిలు తొక్కడం కొంత, తోయడం కొంత. దారి పొడుగునా కంపచెట్లు. అరగంటకు నడిగడ్డ ఎక్కాం. మేకల దారి ఒకటి గడ్డ చుట్టూ పోతుంది. దాని మీద ఒక చుట్టు సైకిలు తొక్కాను. దక్షిణం వైపు విరిగిన దీపస్తంభం. దాని వెనక దేవుడు లేని గుడి. తూర్పున రాతిమెట్ల బావి, సగానికి పైగా పూడిపోయింది. ఇంతటి గుడి, బావి ఉన్న చోట ఒకప్పుడు జనం కాపురమున్నారన్న మాట. చెరువు వాళ్ళ చుట్టూ వచ్చిందో, వాళ్ళే చెరువులోకి వచ్చారో, శాసనం చదివితే తెలుస్తుందని నా ఆశ.

నడుమ మండపం. బయట కళ్ళు మూసుకుపోయే ఎండ. లోపలికి నాలుగడుగులు వేస్తే చెయ్యి కనపడని చీకటి. గబ్బిలాల వాసన ఉంటుందనుకున్నాను. లేదు. తడి బంకమట్టి వాసన. మూడేళ్ళుగా నీళ్ళు లేని చెరువులో... అప్పుడే తవ్విన మట్టి వాసన.

చీకటికి కళ్ళు అలవాటు పడ్డాక చూస్తే, గోడ పొడుగునా పదకొండు రాళ్ళు. వీరగల్లులో సాధారణంగా మూడు అంతస్తులుంటాయి. కింద యుద్ధం, మధ్యన ఆ వీరుణ్ణి మోసుకుపోయే దేవకన్యలు, పైన కైలాసం. వాటి పక్కన సహగమనం చేసిన ఆడవాళ్ళ రాళ్ళు, ఎత్తిన చెయ్యి గాజులతో సహా చెక్కినవి. అక్షరాలున్నది చివరి రాయి.

అచ్చు తీయడం చెప్పినంత సులువు కాదు. రాయిని కడగాలి. తడిపిన కాగితం పరచాలి. అక్షరాల గుంటల్లోకి దిగేదాకా బ్రష్‌తో కొట్టాలి. పైన మసి అద్ది, ఆరాక ఒలవాలి. మొదటి కాగితం గాలికి చిరిగింది. రెండోది ఒలిచేటప్పుడు చిరిగింది. మూడోది తడుపుదామని చూస్తే క్యాను ఖాళీ. మూత దగ్గర కారి, దారంతా పోయింది.

నాకు ఏడుపొక్కటే తక్కువ. పన్నెండేళ్ళు రాసింది ఇందుకా? ఒక్క క్యాను మూత బిగించుకోవడం చేతకాని బి.ఎ.

"ఊర్లోకి పోయి నీళ్ళు తెస్తా సార్," అన్నాడు లింగప్ప. పోయి వచ్చి, అచ్చు తీసి ఆరబెట్టేసరికి చీకటి పడుతుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

అప్పుడు, "నీళ్ళా నాయనా?" అని వినిపించింది.

మండపం మూలన ఒక ముసలామె కూర్చుని ఉంది. ఎప్పుడు వచ్చిందో చూడలేదు. మేకలు తోలుకొచ్చిన ముసలామె అనుకున్నాను. మేకలు ఎక్కడా లేవు. ముందర మట్టి ముంత. ముంత నిండా నీళ్ళు, ఎంత చల్లగా ఉన్నాయంటే చేతి వేళ్ళు నొప్పి పుట్టాయి. ఆ నీళ్ళతో మూడో కాగితం తడిపాను.

లింగప్ప ఆమె వైపు చూడలేదు. పలకరించలేదు. నాకు కోపం వచ్చింది. "మీ ఊరామేనా?" అని మెల్లగా అడిగితే, తల అడ్డంగా ఊపి, రాతికేసే చూస్తూ నిలబడ్డాడు.

ఈసారి అచ్చు దిగింది. నల్లటి కాగితం మీద ఎనిమిది వరసలు తెల్లగా. ఆరబెట్టి, ఒలిచి, చుట్టి, రేకు గొట్టంలో పెట్టి మూత బిగించాను. అప్పుడు అయిదు గంటలు. సైకిలు స్టాండు తీసి, మెట్టు దిగుతూ, నీళ్ళిచ్చిన మనిషి వైపు తిరిగాను. అరవై ఏళ్ళ అలవాటు. నోరు దానంతటదే అనేసింది.

"పోయొస్తాం అవ్వా."

లింగప్ప చేతికర్ర కింద పడింది.

"మంచిది నాయనా," అంది ముసలామె.

కంపచెట్ల దాకా లింగప్ప నాకంటే ముందు గబగబా నడిచాడు. తర్వాత, "ఎందుకు చెప్తిరి సార్?" అన్నాడు.

"నీళ్ళిచ్చింది కదప్పా. మర్యాద ఉండొద్దా?"

"మనిద్దరికీ కలిపి చెప్తిరి."

ఎదురుగా కట్ట, దాని మీద తూము గోపురం, ఆగి ఉన్న మిషను తేటగా కనిపిస్తున్నాయి. కంపచెట్లలో దారి కొంచెం వంకర తిరుగుతుంది. తిరిగాం. బయటికి వచ్చాం.

ఎదురుగా మండపం.

దారి తప్పామని నన్ను నేను తిట్టుకున్నాను. ముసలామె అక్కడే ఉంది.

"వస్తిరా?" అంది.

రెండోసారి నేను సైకిలెక్కి, తూము మీద చూపు నిలిపి తొక్కాను. లింగప్ప పక్కనే పరిగెత్తాడు. వంకరలోకి పోలేదు, కంపల్లోంచే చీల్చుకుని పోయాను. ముళ్ళకు చొక్కా చిరిగింది. తూము దగ్గరవుతోంది. దాని ఇనుప చక్రం కూడా కనిపించింది. కళ్ళలో చెమట పడితే తుడుచుకున్నాను. అంతే. కళ్ళు తెరిస్తే ముందు చక్రం మండపం మెట్టుకు తగిలింది.

"వస్తిరా నాయనా?"

ఇప్పుడు మూలన రెండు ఈతచాపలు పరిచి ఉన్నాయి.

మూడోసారి వెనక్కి నడిచాం. నిజమే. మండపాన్ని చూస్తూ, వీపులు కట్టవైపు పెట్టి, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని. అరవై దాటిన మనిషిని, చరిత్ర చదివినవాణ్ణి, చిన్నపిల్లల ఆట ఆడినట్టు. మండపం చిన్నదవుతూ పోయింది... అగ్గిపెట్టెంత అయింది... కంపల వెనక దాగింది. నా మడమకు రాయి తగిలింది. మండపం మెట్టు. ఇందాకటి మండపం ఎదురుగా లేదు. మా వెనక ఉంది.

నాకు భయం కంటే ముందు కసి పుట్టింది. చేతిలో గొట్టం ఉంది. గొట్టంలో అచ్చుంది. రైలు ఉంది, ఆఫీసు ఉంది, పది గంటల గడువు ఉంది. నడుమ అరమైలు ఎండు మట్టి. అది దాటలేను! మెట్టు మీద కూర్చుని సైకిలును కాలితో తన్నాను.

పొద్దు కట్ట వెనక్కి దిగింది. మండపంలో చీకటి మెట్టు దాకా వచ్చింది. బంకమట్టి వాసన గొంతులోకి దిగుతోంది. లోపల నీళ్ళు చిలకరించిన చప్పుడు. చాపల ముందు రెండు విస్తరాకులు.

"కాళ్ళు కడుక్కోండి. చెప్పిన మాటకు వస్తిరి. మంచి బిడ్డలు."

లింగప్ప నా చెవి దగ్గరికి వంగాడు.

"మాట తెంపల్ల సార్."

"ఎట్లా?"

"ఎవురో ఒకరు చెప్పల్ల... పోతాండానని."

"చెప్తే?"

"చెప్పినోడు పోతాడు. కూడా ఉండేవాడు దాటుకుంటాడు. మా తాత చెప్పేది ఇంతే. యాడికి పోతాడో చెప్పలా."

"ఇదంతా వట్టిది లింగప్పా."

"వట్టిదే అయితే..." మొదటిసారి ఆయన నన్ను నువ్వు అన్నాడు. "నువ్వు చెప్పు సార్. నువ్వు నమ్మవు గదా."

నోరు తెరిచాను. ఆ మాటెంత? రెండు అక్షరాలు. తిరిగాను. చీకట్లో ఆమె ముఖం కనపడలేదు. రెండో విస్తరాకు నా వైపుకు జరిగింది. నా నాలుక లేవలేదు. ఇంకోసారి ప్రయత్నించాను. మా అవ్వ చెయ్యి చెంప మీద పడినట్టయింది. మూడోసారి... మూడోసారి నేను నిజంగా ప్రయత్నించలేదు. ఈ మాట ఇన్నేళ్ళకు రాస్తున్నాను.

లింగప్ప నన్ను కాసేపు చూశాడు. కోపం లేదు. నీళ్ళు వంతు ప్రకారం రాని రైతు ముఖం చూసినట్టు చూశాడు. కర్ర తీసుకున్నాడు. ముసలామెకు వీపు తిప్పాడు.

"నేను పోతాండానవ్వా."

మట్టి వాసన ఒక్కసారిగా ఆగిపోయింది.

ఆయన నడిచాడు. నేను సైకిలు తోసుకుంటూ వెనక నడిచాను. దారంతా ఆయన వీపునే చూస్తూ వచ్చాను. చెమటకు అంటుకున్న బనీను, భుజం మీద తువ్వాలు. పావుగంటలో కట్ట ఎక్కాం. తూము ఇనుప చక్రాన్ని చేత్తో పట్టుకుని చూశాను. వేడిగా ఉంది. నిజంగానే ఉంది.

"లింగప్పా! దాటినాం కదప్పా!" అని అరిచాను.

ఆయన తిరగలేదు. కట్ట మీద ఊరి వైపు అదే నడకతో పోతున్నాడు. అలసిపోయాడనుకున్నాను. నా మీద కోపమనుకున్నాను. రేపు వచ్చి మాట్లాడదామనుకుని, వెలుతురు పూర్తిగా పోకముందే పెనుకొండ దారి పట్టాను.

పొద్దున రైలెక్కి ధర్మవరం మీదుగా పోయి, పదికి అయిదు నిమిషాలు ఉండగా అచ్చు ఆ బల్ల మీద పరిచాను. అధికారి మాట నిలుపుకున్నాడు. ఫోను చేశాడు. పని ఆగింది. తర్వాత అద్దాలు పెట్టుకుని ఎనిమిది వరసలూ చదివాడు.

"మామూలుదే మాస్టారూ. పశువుల మందను దొంగల నుంచి విడిపించబోయి చచ్చినవాడి రాయి. ఇట్లాంటివి చాలా ఉంటాయి."

"గుడి గురించి, ఊరి గురించి ఏమీ లేదా?"

"ఏమీ లేదు."

సాయంత్రానికి ఆ ఊరు పోయాను. పని ఆగిందని లింగప్పకు చెప్పాలని. సుంకమ్మ వాకిట్లో నిలబడి ఉంది.

"ఆయప్ప యాడ సార్? మీతోనే గదా వచ్చింది?"

పోలీసు స్టేషనులో రాయించాం. బావులు వెతికాం. కట్ట నుంచి వాళ్ళ ఇంటికి నూరు బారలు కూడా లేదు. ఆ నూరు బారల్లో ఆయనను చూసినవాళ్ళు ముగ్గురు ఉన్నారు. ముగ్గురూ ఒకటే చెప్పారు. ఇంటి ముందు నుంచే పోయినాడు, ఆగలేదు, పిలిస్తే తిరగలేదు.

తర్వాత నేనే చూశాను. మరుసటి ఏడు ధర్మవరం ప్లాట్‌ఫారం చివర, పట్టాల పక్కన నడుస్తూ. ఇంకో ఏడు హిందూపురం మార్కెట్లో, గుంపు నడుమ. ఒకసారి మడకశిర బస్సులోంచి, కొట్నూరు దగ్గర. అదే బనీను, అదే తువ్వాలు, అదే కర్ర. ప్రతిసారీ వీపే. బస్సు ఆపించి దిగి పరిగెత్తాను, ఈ వయసులో. నేను నడిస్తే ఆయన ఎంత దూరమో, పరిగెత్తినా అంతే దూరం. పేరు పెట్టి పిలిచాను, తిట్టాను, క్షమించమన్నాను. రోడ్డు మీద జనం నన్ను పిచ్చివాడనుకున్నారు. ముఖం ఒక్కసారి చూపిస్తే చాలనిపించేది. ఆ ముఖంలో నా మీద ఏముందో తెలిస్తే చాలు.

రాళ్ళు భద్రంగా ఉన్నాయి. చుట్టూ ముళ్ళతీగ వేసి బోర్డు పెట్టారు. ఆ తర్వాత వానలు పడి చెరువు నిండింది. తూము ఇప్పుడు ఇంకెవరో తీస్తున్నారు.

ఇది రాయడానికి కారణం నిన్నటి ఫోను. మధ్యాహ్నం భోంచేసి పడుకున్నాను. పక్కింటివాళ్ళ సెల్లు నుంచి సుంకమ్మ చేసింది. ఆరేళ్ళ తర్వాత ఆ గొంతులో ఏడుపు లేదు. చాలా మెల్లగా, ఎవరో వింటారన్నట్టు మాట్లాడింది.

"వచ్చినాడు సార్."

నేను లేచి కూర్చున్నాను. "ఎవరు? లింగప్పా? యాడున్నాడు?"

"వాకిట్లో. నడాన నులకమంచం మీద కూచోనుండాడు. సంగటి పెడితిని. ముట్టలేదు."

"ఏమన్నా మాట్లాడినాడా?"

"లేదు సార్. అట్లపక్కకు తిరుక్కొని ఉండాడు."

"భయపడొద్దమ్మా. ముందరికి పోయి ముఖం చూడు. ఆయనేనా కాదా చూసి చెప్పు."

ఆమె నడిచిన చప్పుడు వినిపించింది. గాలి... గాజుల చప్పుడు...

"పోయినా సార్. నాలుగు పక్కలా తిరిగి చూస్తి..."

"ఊఁ?"

"యాపక్క నిలబడినా... వీపే ఉండాది సార్."